నేరేడు కడుపులో ఐదు గుండెలు

దీపం 7402

స్టోరు పిల్లి గోధుమకు స్కాన్. ఇది నాలుగో కాన్పు, అయినా బుద్ధి రాలేదు. బల్ల ఎక్కించగానే నన్ను రెండుసార్లు రక్కి, ఒకసారి కరిచింది. నేనూ నోటికొచ్చినట్లు తిట్టాను. చెల్లుకు చెల్లు.

కలబంద గుజ్జును అరచేతిలో కాస్త వెచ్చబెట్టి, పొట్టకు పూసి, ప్రోబు ఆనించాను. ఈ ప్రోబులో మూడు చోట్ల స్ఫటికపు పలుకులు చచ్చిపోయాయి, అందుకని తెర మీద ఎప్పుడూ మూడు నల్లచారలు ఉంటాయి. చారల సందుల్లోంచి చూసి చూసి నాకు అలవాటైపోయింది. నాలుగు పిల్లలు. మూడింటి పుర్రెలు గుండ్రంగా, తెల్లగా ఉన్నాయి. నాలుగోదానికి కళ్ళ పైన ఏమీ లేదు. కొండ గోడల్లోంచి ఊరే పచ్చనీళ్ళు తాగే జంతువుల్లో ఇది మామూలే, ప్రతి మూడు కాన్పుల్లో ఒకదాంట్లో ఏదో ఒక లోపం కనబడుతుంది.

నాలుగింటిలో ఒకటే కాబట్టి వదిలేయమన్నాను. సగానికి మించి చెడితేనే గర్భసంచి తీయిస్తాం. ఆ నియమం నేనే పెట్టాను. ఇక్కడ స్కాన్ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, కాబట్టి నన్ను అడ్డుకునేవాళ్ళెవరూ లేరు.

ఎన్నాళ్ళయిందని అడిగితే స్టోరువాళ్ళు అరవై ఆరు అన్నారు. మూడుతో భాగించి రెండుతో గుణించాను, నలభై నాలుగు. మా సొరంగంలో దీపాలు పది గంటలు వెలుగుతాయి, ఆరు గంటలు ఆరిపోతాయి. జనరేటరుకు అంతకన్నా ఓపిక లేదు. దాన్నే మేం ఒక దీపం అంటాం, మా బతుకులన్నీ దీపాల లెక్కే. కానీ కడుపులో ఉన్న పిల్లలకు జనరేటరు సంగతి ఏం తెలుసు? అవి ఇరవై నాలుగు గంటల పాత రోజుల లెక్కనే పెరుగుతాయి, స్కాన్ పుస్తకం కూడా ఆ లెక్కలోనే ఉంది. ఎండ కనబడే ముఖద్వారం దగ్గర కాపలా కాసేవాళ్ళు మాత్రం ఇంకా సూర్యుణ్ణి చూసే రోజులు లెక్కపెడతారు, వాళ్ళ దగ్గర ఈ భాగహారం అక్కర్లేదు. పదమూడేళ్ళుగా చేస్తున్న పని. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

గోధుమ దిగుతూ దిగుతూ ఇంకోసారి రక్కింది.

దీపం 7405

ముఖద్వారం కాపలాదారు పోలినాయుడు నేరేడును తెచ్చాడు. నడిపించలేదు, రెండు చేతుల మీద ఎత్తుకునే తెచ్చాడు. మనిషి గోడలా ఉంటాడు, మాట మాత్రం మహా నెమ్మది. సగం మాట మింగేస్తాడు. దారి పొడుగునా జనం ఆపి, నేరేడు పొట్ట ముట్టుకుని కళ్ళకద్దుకున్నారట. అందుకే ఆలస్యమైందన్నాడు. నేను అరగంటగా కలబంద చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నాను, నాకప్పటికే చిరాకుగా ఉంది.

నేరేడు నల్లటి కుక్క. బయట నుంచి విషపు గాలి తోసుకొస్తుంటే అందరికన్నా ముందు తెలిసేది దానికే. అది మొరిగి నేలకు కరుచుకుని పడుకుంటే తలుపు దించేస్తారు. పసిగట్టే యంత్రాలు పాడై ఏడేళ్ళయింది. తలుపుకు ఇవతల నాలుగు వందల మందిమి దాని ముక్కును నమ్ముకుని నిద్రపోతున్నాం. ఆ ముక్కు తల్లి నుంచి పిల్లకు రావలసిందే, నేర్పితే వచ్చేది కాదు. ఆ జాతిలో మిగిలిన ఆడకుక్క ఇదొక్కటే. పక్క సొరంగం నుంచి మగకుక్కను ట్రాలీ మీద తెప్పించి జత కట్టించారు. ఇప్పుడు దీని కడుపు పండకపోతే ఇది ముసలిదయ్యాక తలుపు ఎప్పుడు దించాలో చెప్పే నాథుడు ఉండడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"నలభై ఎనిమిదమ్మా. ఆ లెక్క ఎలగంటే, మా అప్పయ్యమ్మ..."

"లెక్కలు నాకు నేర్పకు బాబూ. ముందు దాన్ని వెల్లకిలా పట్టుకో."

నోరు మూసుకుని పట్టుకున్నాడు. నేరేడు మాత్రం ఏమీ అనలేదు. పిల్లులకు కాస్త దీన్ని చూపించాలి. కాళ్ళు నాలుగూ వదిలేసి, నా మొహం వంక చూస్తూ పడుకుంది.

ఐదు పిల్లలు. ఐదు గుండెలూ టకటకా కొట్టుకుంటున్నాయి. అక్కడిదాకా నా మనసు హాయిగానే ఉంది. తర్వాత కొలతలు తీశాను. నలభై ఎనిమిది రోజులకు అరచేతి పొడవు ఉండాల్సినవి బొటనవేలంత కూడా లేవు. ఎముక తెల్లగా మెరవడం లేదు. ఒకదాని పొట్ట దగ్గర బొడ్డు మొదట్లో ఉబ్బుగా ఏదో ఉంది. ప్రోబు తిప్పి చూశాను. పేగులు. పొట్ట గోడకు బయట. రెండోదానికీ అంతే. మూడోది, నాలుగోది, ఐదోది. అన్నిటికీ అంతే.

"ఎన్నమ్మా?"

"ఐదు."

"ఒలమ్మ, ఐదే!" అని వంగి దాని నుదురు ముద్దెట్టుకున్నాడు. "ఇన్నావేటే, ఐదంట!"

మిగతాదీ చెప్పాను. పెరగలేదన్నాను, ఐదింటికీ పేగులు బయటే ఉన్నాయన్నాను.

అతను తెర మీద వేలు పెట్టాడు. "గుండెలు కొట్టుకుంటన్నాయి కదమ్మా?"

"కొట్టుకుంటాయి. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లే బతికిస్తుంది. కొన్ని లోపలే చచ్చి కుళ్ళుతాయి, అప్పుడు తల్లిని కూడా తీసుకుపోతాయి."

"పది దీపాలాగి మళ్ళీ ఒకపాలి సూస్తే?"

ఆగడం ఏమిటో నాకు తెలుసు. గోధుమ తల్లి విషయంలో ఇలాగే, చూద్దాంలే అని ఆగాను. లోపల పిల్లలు కుళ్ళిపోయి అది నాలుగు దీపాలు అరిచి అరిచి చచ్చింది, స్టోరంతా ఆ అరుపే. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆపరేషన్ చేసే సుభద్ర డాక్టరమ్మ గారు రేపటి ట్రాలీకి వస్తారు, మళ్ళీ రావడం నలభై దీపాల తర్వాతే. అదంతా చెప్పాను. నేరేడు బతకాలంటే రేపే తీయించాలన్నాను.

"నీకు తెలుసు కదమ్మా," అన్నాడు పోలినాయుడు. "నువ్వెలగంటే అలగే."

మళ్ళీ ఎత్తుకునే తీసుకుపోయాడు. అన్నం సహించలేదు.

దీపం 7406

ఈ పేజీ రాయకుండా వదిలేద్దామా అనుకున్నాను. రాస్తున్నాను.

దీపం వెలగగానే డాక్టరమ్మ గారు దిగారు. ఇక్కడ రెండు గంటలే ఉంటారు, ఆ పైన ఇంకో సొరంగంలో ఓ మనిషికి కాలు తీయాలి. నేరేడుకు మత్తిచ్చారు, పొట్ట కోశారు. గర్భసంచిని బయటకు తీస్తూ ఒక క్షణం ఆగారు.

"ఇంత చిన్నగా ఉందేమిటి వరహాలమ్మా? మొత్తం కలిపినా నిమ్మకాయల దండలా ఉంది."

"ఎదుగుదల లేదని చెప్పాను కదండీ," అన్నాను.

"నువ్వు చూశాక ఇంక నేనేం చూస్తాను," అని ముడులు వేసి కోసేశారు.

కుట్లు పడ్డాయి. నేరేడు ఊపిరి బాగానే ఉంది. డాక్టరమ్మ గారి ట్రాలీ వెళ్ళిపోయింది. పోలినాయుడు దాన్ని దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని నా గది బయట కూర్చున్నాడు. తీసిన సంచి ట్రేలో నా దగ్గర ఉండిపోయింది. ఐదింటినీ విప్పి, కొలిచి, లోపం ఏమిటో ఈ పుస్తకంలో రాయడం నా డ్యూటీ.

మొదటిదాన్ని విప్పాను. వేళ్ళు అప్పుడప్పుడే విడివడుతున్నాయి. రెప్పలు ఇంకా కంటిని మూయలేదు. చాలా ముద్దుగా, ఎక్కడికక్కడ పొందిగ్గా ఉంది. పేగులు బయట ఉన్నమాట నిజమే, కానీ విడిగా పడి లేవు. బొడ్డుతాడు లోపల, పల్చటి పొర కింద, శుభ్రంగా చుట్టచుట్టుకుని ఉన్నాయి. పాడైన పిల్లల్ని ఈ చేతులతో వందలు విప్పాను. వాటి పేగులు అలా ఉండవు.

రెండోదాన్ని విప్పాను, అదీ అంతే. స్కాన్ పుస్తకం తీశాను. నలభై ఎనిమిదో రోజు పేజీ కాదు, వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పాను. ముప్పై రెండో రోజు. బొమ్మలో పిల్ల, ట్రేలో పిల్ల ఒకటే. కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఆ రోజుల్లో పొట్టలో చోటు చాలక పేగులు కొన్నాళ్ళు బొడ్డుతాడులోకి వచ్చి ఉంటాయి, నలభై దాటేసరికి వాటంతటవే లోపలికి వెళ్ళిపోతాయి, అది లోపం కాదు. ఆ వాక్యం నాకు తెలుసు. పదమూడేళ్ళ క్రితం నేనే దాని కింద గీత గీశాను.

నలభై ఎనిమిది. మూడుతో భాగించి రెండుతో గుణిస్తే ముప్పై రెండు.

ముఖద్వారం కాపలావాడు కాబట్టి సూర్యుడి లెక్కే చెబుతాడనుకున్నాను. ఎవరి లెక్క అని అడగలేదు. ఒక్క మాట. అతను చెప్పబోయాడు, నేను నోరు నొక్కేశాను. పది దీపాలాగి చూద్దామా అని కూడా అన్నాడు, ముఖద్వారం మనిషి నోట దీపాలేమిటని అప్పుడైనా నాకు తట్టలేదు.

ట్రే మీద గుడ్డ కప్పి, పోలినాయుడి చెల్లెలు అప్పయ్యమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమెది సొరంగం మధ్యలో, దీపాల కింద ఇల్లు. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఏటి స్కానమ్మా, కుక్కకేటైనా అయినాదా?"

"అదేం కాలేదు. జత కట్టించాక నేరేడు ఎక్కడుంది?"

"ఇక్కడే. బయట గాలి కడుపుకి మంచిది కాదని, డ్యూటీ అయిపోగానే అన్నయ్య నాకాడ ఒగ్గీసీవోడు." గోడ చూపించింది. "నీకాడికి తెచ్చినదాకా దీపం ఎలిగినప్పుడల్లా ఒక గీత పెట్టినాను. నువ్వడుగుతావు కదా అని."

సున్నపు గీతలు, ఐదేసి చొప్పున కట్టలు కట్టి. ఆఖరి కట్టలో మూడే ఉన్నాయి. లెక్కపెట్టాను. నలభై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెడితే మాత్రం ఏం మారుతుంది?

దీపం 7407

చెప్పేశాను. దాచగలిగేదాన్నే. ట్రేలో ఉన్నవాటిని చూసి చెప్పగలిగినవాళ్ళు ఈ సొరంగంలో నేను తప్ప లేరు. పేగులు బయట ఉన్నాయి చూడు అని చూపిస్తే పోలినాయుడు నమ్మేవాడు, పైగా నాకే దండం పెట్టేవాడు. ఆ దండం నాకు వద్దు.

అతను అప్పయ్యమ్మ ఇంట్లో నేరేడుకు చెంచాతో గంజి పడుతున్నాడు. నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. లెక్క తప్పిందన్నాను. పిల్లలు బాగున్నాయన్నాను. ఐదూ బాగున్నాయన్నాను. ఇంకో నెల ఉంచితే చక్కగా పుట్టేవన్నాను.

అప్పయ్యమ్మ తోముతున్న గిన్నె విసిరి కొట్టింది. "నీ నోరు పడిపోను! మనిషిని మాటాడనిచ్చినావేటే? అన్నయ్య ఎన్నిసార్లు సెప్పుకొచ్చినాడో, స్కానమ్మకి అన్నీ తెలుసు, స్కానమ్మకి అన్నీ తెలుసని! ఏటి తెలుసే నీకు? నాను గీతలు గీసినాను కదే, ఒక్కపాలి వచ్చి సూస్తే నీ సొమ్మేటి పోతాదే?"

ఆ తిట్లు నాకు కావాలి. ఇంకా తిట్టాలనిపించింది. పోలినాయుడు తిట్టలేదు. చెంచా గంజిలో పెట్టి, మూతి తుడిచాడు దానికి.

"నాను సెప్పబోయినానమ్మా," అన్నాడు.

అంతే. కోపంగా అనలేదు, తప్పు తనదే అయినట్లు అన్నాడు. దానికన్నా నన్ను చెంపమీద కొట్టినా బాగుండేది.

ఐదింటినీ తనకిమ్మన్నాడు. తెల్లటి గుడ్డలో మూటకట్టి ఇచ్చాను. ముఖద్వారం అవతల, ఎండ పడేచోట పూడ్చాడట. మాస్కు పెట్టుకుని ఒక్కడే వెళ్ళాడట. అవి చూడని ఎండ అక్కడైనా వాటి మీద పడుతుందని అనుకున్నాడేమో, నేనడగలేదు.

దీపం 7409

సొరంగం పెద్ద తాతినాయుడు గారు సభ పెట్టారు. ఈ పుస్తకం తీసుకెళ్ళి ముందు పెట్టాను. 7405వ పేజీ, 7406వ పేజీ నేనే పైకి చదివాను. ఆగకుండా, నిలబడే చదివాను. ఎవరూ నీళ్ళు కూడా ఇవ్వలేదు, ఇవ్వనక్కర్లేదు.

నన్ను ఈ పని నుంచి తీసేయమన్నాను.

"తీసేసి?" అన్నారాయన. "ఆ యంత్రం ముట్టుకోవడం ఇంకెవరికొచ్చును? స్టోరు పిల్లులు సావాలేటి? కూసో వరహాలూ. తప్పు జరిగిపోనాది. రేపటినుంచి జాగర్తగా సెయ్యి."

ఇంత తప్పు చేస్తే శిక్ష ఉంటుందనుకున్నాను. శిక్ష లేదు. మళ్ళీ అదే బల్ల, అదే ప్రోబు, అదే కలబంద. జనం ఇంకా నన్ను నమ్మాలి, నమ్మక వాళ్ళకు వేరే గతి లేదు. సభ అయ్యాక ఒకావిడ వచ్చి, మా పిల్లిని ఎప్పుడు తేనమ్మా అని అడిగింది. తల ఎత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

పక్క సొరంగానికి కబురు పంపారు, మాకు తెలియని ఆడకుక్క, అలాంటి ముక్కున్నది, ఎక్కడైనా మిగిలిందేమోనని. లేదని జవాబొచ్చింది.

దీపం 7411

స్కాన్లు రెండు. రెండు పిల్లులు. ఎన్నాళ్ళని అడిగాను, ఎవరు లెక్కపెట్టారని అడిగాను, ఎక్కడ కూర్చుని లెక్కపెట్టారని అడిగాను, ఏం చూసి లెక్కపెట్టారని అడిగాను. రెండో పిల్లి తాలూకు ముసలాయన విసుక్కున్నాడు. "ఏటమ్మా ఇన్ని ప్రశ్నలు, ఇదివరకు ఇలగ నేదు కదా నువ్వు." అవును, లేను.

దీపం 7416

పోలినాయుడు వచ్చాడు. పది దీపాలుగా నా గడప తొక్కలేదు. కుట్లు విప్పడానికి కూడా అప్పయ్యమ్మే తెచ్చింది, నాతో ఒక్క మాట మాట్లాడకుండా. అందుకని అతన్ని చూడగానే లేచి నిలబడిపోయాను. ఈసారి నేరేడు నడిచే వచ్చింది. నోట్లో అతని పాత మేజోడు ఉంది.

"పాలొచ్చీసినాయమ్మా," అన్నాడు.

వంగి చూశాను. పొదుగులు బిగిసి, చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఇలా జరుగుతుందని నాకు తెలుసు. ఉన్నట్టుండి కడుపు ఖాళీ అయితే ఒళ్ళు కాన్పయిందనుకుంటుంది. పాలు తయారుచేసేస్తుంది.

"మూలకి గోనె లాక్కుపోనాది. నా మేజోళ్ళు, అప్పయ్యమ్మ ముసుగుగుడ్డ, ఏటి దొరికితే అది అన్నీ పోగేసి నాకుతన్నాది. ఎవులైనా దగ్గరికొస్తే గుర్రుమంటన్నాది. డ్యూటీకి రమ్మంటే రాదు." కాసేపు ఆగాడు. "ఒకపాలి సూడమ్మా. ఏటైనా ఉండిపోనాదేమో."

"గర్భసంచే లేదు పోలినాయుడూ. నీ ఎదురుగానే కదా తీశారు."

"తెలుసమ్మా. అయినా సూడు. అది నా మొకం కాసి సూస్తన్నాది. నానేటి సెప్పను దానికి?"

బ్యాటరీలో చార్జి తక్కువ ఉంది, లేని కడుపుకు స్కాన్ చేయడం పిచ్చి. చేశాను. మేజోడు నోట్లోంచి వదల్లేదు నేరేడు, దానితోనే వెల్లకిలా పడుకుంది. కలబంద రాశాను. ఎడమ నుంచి కుడికి, కిందికి, మళ్ళీ పైకి, ఒక్క వేలెడు చోటు కూడా వదలకుండా చూశాను. ఇప్పుడు చూసినంత నిదానంగా ఆ 7405న చూసి ఉంటే.

పోలినాయుడు తెర మీదికి వంగాడు. ఉన్నట్టుండి నా భుజం పట్టుకున్నాడు.

"అదేటమ్మా? అదిగో. కొట్టుకుంటన్నాది!"

చూశాను. వెన్నెముక వారగా, లావుగా, ఆగకుండా కొట్టుకుంటోంది.

"అది దాని పెద్ద రక్తనాళం బాబూ," అన్నాను. "దాని సొంతదే."

"ఓహో," అన్నాడు. చెయ్యి తీసేసుకున్నాడు. ఆ తర్వాత ఆ గోడలాంటి మనిషి బల్ల అంచు పట్టుకుని, చప్పుడు రాకుండా, భుజాలు కదిలిపోతుంటే ఏడ్చాడు. ఇన్నాళ్ళకు ఏడ్చాడు. క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు.

ప్రోబు తుడిచి పక్కన పెట్టాను. పొట్ట మీది గుజ్జు తుడుద్దామని చెయ్యి వేస్తే నేరేడు మేజోడు వదిలేసింది. నా మణికట్టును నోటితో పట్టుకుంది. కరవలేదు, పళ్ళు కూడా తగలనివ్వలేదు. మెల్లగా లాక్కెళ్ళి పొదుగుల దగ్గర పెట్టింది. వేళ్ళను ఒక్కొక్కటే నాకి, మూతితో ఇంకాస్త లోపలికి తోసింది. తాగమంది.

పోలినాయుడు కళ్ళు తుడుచుకుని దాన్ని పట్టుకోబోయాడు. "ఒగ్గే, ఒగ్గీయే. ఆ చెయ్యి కాదే."

"ఉండనీ," అన్నాను.

అతను నన్ను చూశాడు. నేల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను బల్ల పక్కన నిలబడే ఉన్నాను. పాలు నా వేళ్ళ సందుల్లోంచి కారి బల్ల మీద పడుతున్నాయి, నేరేడు వాటిని నాకి మళ్ళీ నా చేతిని నాకుతోంది. నేను చెయ్యి తియ్యలేదు.